ఇన్‌స్ట్రక్టర్ 20/85 అంటారు, టీమ్ సీనియర్ 55/80 అంటారు: టెక్నికల్ డైవింగ్‌లో ఎవరి మాట వినాలి?

కొత్తలోతు:
అందరికీ నమస్కారం. 60 మీటర్ల ట్రైమిక్స్ (ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ కలిసిన గ్యాస్) కోర్సుకు సిద్ధమవుతున్నాను. నీళ్లలో చేయాల్సిన పనుల గురించి నాకు భయం లేదు. సలహాల దగ్గరే ఆగిపోయాను.

మా ఇన్‌స్ట్రక్టర్ గారు డైవ్ కంప్యూటర్‌లో గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు, అంటే పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలో తేల్చే రెండు శాతాలు, 20/85 పెట్టమంటారు. పైకి వచ్చేటప్పుడు లోతులోనే ఆగడం మొదలుపెట్టాలని, బుడగలు పెద్దవి కాకముందే అణిచేయాలని ఆయన వాదన. కోర్సు అయ్యాక నేను డైవ్ చేయబోయే టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నారు. ఆవిడ 55/80 తప్ప ఒప్పుకోరు. "20 పెడితే లోతులో కూర్చుని ఇంకాస్త గ్యాస్ ఎక్కించుకుంటావు" అంటారు.

అది ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. 50 మీటర్ల దాకా మామూలు గాలి చాలు అని ఆయన, 30 దాటితే హీలియం ఉండాల్సిందే అని ఆవిడ. ఆక్సిజన్ పీడనం 1.6 బార్ ఫరవాలేదని ఒకరు, 1.4 దాటొద్దని ఇంకొకరు. ఇద్దరూ ఏళ్ల తరబడి డైవ్ చేస్తున్నవాళ్లే. ఇద్దరూ ఎదుటివాళ్ల పద్ధతి ప్రమాదం అనే చెబుతున్నారు. ఎక్కువమంది దేన్ని పాటిస్తే అదే సరైనదనుకోలేను కదా. మీరు ఇలాంటివి ఎలా తేల్చుకుంటారు?

పాతతాడు:
తమ్ముడూ, డీప్ స్టాప్‌లను, అంటే లోతులోనే ఆగడాన్ని, అంత తేలిగ్గా కొట్టిపారేయకు. అవి గాల్లోంచి ఊడిపడలేదు. రిచర్డ్ పైల్ అని చేపల శాస్త్రవేత్త ఉన్నాడు. లోతులో చేపలు పట్టి పైకి తెచ్చేటప్పుడు వాటి గాలితిత్తి ఉబ్బిపోకుండా దారిలో ఆగి గాలి తీసేసేవాడు. అలా ఆగిన రోజుల్లో తనకు ఒంట్లో అలసట తక్కువగా ఉంటోందని గమనించాడు. 1990లలో ఆ మాట డైవర్లలో పాకింది. వీపీఎం, ఆర్‌జీబీఎం లాంటి బుడగల మోడళ్లు కూడా అదే దిశగా చూపించాయి. ఒక తరం మొత్తం అలాగే డైవ్ చేసింది, నేనూ వాళ్లలో ఒకణ్ణి. పైకి వచ్చాక ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. శరీరం చెప్పే మాటకు విలువ లేదా?

సంఖ్యలు:
పాతతాడు గారూ, విలువ ఉంది. అయితే అలసట, బెండ్స్ (ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలై తెచ్చే జబ్బు) ఒకటి కావు. మనం తప్పించుకోవాలనుకుంటున్నది బెండ్స్‌ని. దాన్నే నేరుగా లెక్కపెట్టిన ప్రయోగం ఒకటుంది కాబట్టి కొత్తలోతు గారు ముందు అది తెలుసుకోవాలి.

అమెరికా నేవీ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2011లో నివేదిక ఇచ్చింది. డైవర్లను నీళ్లున్న ప్రెషర్ ఛాంబర్‌లో 170 అడుగుల లోతుకు, అంటే దాదాపు 52 మీటర్లకు సమానమైన పీడనానికి తీసుకెళ్లారు. అక్కడ 30 నిమిషాలు కష్టమైన పని చేయించారు. తర్వాత డీకంప్రెషన్ (ఆగుతూ పైకి రావడం) రెండు రకాలు. ఒకదాంట్లో మొదటి స్టాప్ 70 అడుగుల దగ్గర, రెండోదాంట్లో 40 అడుగుల దగ్గర. రెండింట్లోనూ మొత్తం స్టాప్ సమయం ఒకటే, 174 నిమిషాలు. ఆ సమయాన్ని ఏ లోతుల్లో ఖర్చుపెట్టారన్నదే తేడా.

లోతులో ఆగిన పద్ధతిలో 198 డైవ్‌లకు 11 బెండ్స్ కేసులు. పైన ఆగిన పద్ధతిలో 192 డైవ్‌లకు 3. సగం దారిలో లెక్క చూసి ప్రయోగాన్ని ఆపేశారు. తర్వాత సమీక్షలో ఆ 11లో ఒక కేసును తీసేశారు, అయినా తేడా నిలిచింది.

వాళ్లు బుడగలను కొలిచి ఊరుకోలేదు, బెండ్స్ వచ్చిందా రాలేదా అని చూశారు. అదీ అంత పెద్ద సంఖ్యలో. మన రంగంలో ఇలాంటి ప్రయోగాలు చాలా అరుదు.

పాతతాడు:
ఆ నివేదిక నాకూ తెలుసు. 52 మీటర్లలో 30 నిమిషాలు, పైకి వచ్చేదాకా గాలే పీల్చి 174 నిమిషాల స్టాప్‌లు! ఈ రోజుల్లో ఏ టెక్నికల్ డైవర్ అలా చేస్తాడు? మనం హీలియం వాడతాం, 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌కి మారతాం, 6 మీటర్లలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాం. పైగా వాళ్లు పరీక్షించినది వీపీఎం కాదు, నేవీ సొంత బుడగల మోడల్. ఎక్కడి ప్రయోగాన్ని ఎక్కడ అంటిస్తున్నారు?

డెకో_డాక్టరు:
పాతతాడు గారి అభ్యంతరం న్యాయమైనదే. పక్కకు తోసేయకుండా జవాబు చెప్పాలి.

నేను హైపర్‌బారిక్ ఛాంబర్‌లో (బెండ్స్‌కి పీడనంతో వైద్యం చేసే గదిలో) పనిచేస్తాను, కాబట్టి నాకు కనిపించే కోణం చెబుతాను. "ఈ ప్రయోగం నా డైవ్ లాంటిది కాదు" అన్నప్పుడు నేను వెంటనే ఇంకో ప్రశ్న వేసుకుంటాను. ఫలితానికి కారణమైన ప్రక్రియ నా డైవ్‌లో కూడా ఉందా, లేదా? ఇక్కడి ప్రక్రియ ఇది. లోతులో ఆగినంతసేపూ రక్తం బాగా అందే కణజాలాలు గ్యాస్‌ను వదిలేస్తాయి. అదే సమయంలో నెమ్మదిగా నిండే కణజాలాలు ఇంకా నిండుతూనే ఉంటాయి. డైవర్ పైకి వచ్చేసరికి ఆ నెమ్మదైనవాటిలో గ్యాస్ మిగులు ఎక్కువగా ఉంటుంది. గాలి పీల్చినా ట్రైమిక్స్ పీల్చినా ఈ వరస మారదు. ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్‌కి మారితే దాని తీవ్రత తగ్గొచ్చు, అంతే.

అందుకే ఆ ప్రయోగం నుంచి నేను "డీప్ స్టాప్ చేస్తే బెండ్స్ వస్తుంది" అని తీసుకోను. "ఒకే మొత్తం సమయం చేతిలో ఉంటే, ఎక్కువ భాగాన్ని పైభాగంలో ఖర్చుపెట్టడం మేలు" అని మాత్రమే తీసుకుంటాను. ఇది దిశ చెప్పే ఆధారం. సరిగ్గా ఏ నంబరు పెట్టాలో ఇది చెప్పదు.

హీలియంతో ఏమీ చూడలేదనడం కూడా సరికాదు. 2017లో ఇటలీ పరిశోధకులు 50 మీటర్ల ట్రైమిక్స్ డైవ్‌లలో రేషియో డెకో అనే, స్టాప్‌లను తలలోనే లెక్కగట్టుకునే పద్ధతిని 30/85 గ్రేడియెంట్ ఫ్యాక్టర్లతో పోల్చారు. లోతులో ఎక్కువసేపు ఆగే రేషియో డెకో పాటించినవాళ్ల రక్తంలో వాపుకు సంబంధించిన సూచికలు పెరిగాయి. అది బెండ్స్ లెక్క కాదు కాబట్టి నేవీ ప్రయోగమంత బరువు దానికి ఇవ్వను. కానీ అది కూడా డీప్ స్టాప్‌ల వైపు మొగ్గలేదు, అది గమనించాలి.

కొత్తలోతు:
డాక్టరు గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. అంటే 20/85 తప్పు, 55/80 ఒప్పు అనుకోవచ్చా?

సంఖ్యలు:
అంత తొందర వద్దు. ఆ రెండు నంబర్లు ఏం చేస్తాయో చూడండి.

ఈ లెక్కలకు ఆధారమైన బూల్‌మన్ మోడల్‌లో ప్రతి కణజాలంలోని గ్యాస్ పీడనానికీ ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. చుట్టూ ఉన్న నీటి పీడనానికీ ఆ హద్దుకూ మధ్య ఉన్న జాగాలో ఎంత శాతం వాడుకోనిస్తామన్నదే గ్రేడియెంట్ ఫ్యాక్టర్. ఎరిక్ బేకర్ 1990లలో తెచ్చిన పద్ధతి ఇది. మొదటి నంబరు తొలి స్టాప్ ఎక్కడో నిర్ణయిస్తుంది. రెండోది నీటి పైకి వచ్చే క్షణంలో ఎంత మిగులుతో వస్తామో నిర్ణయిస్తుంది.

20/85లో మొదటి నంబరు చాలా తక్కువ కాబట్టి తొలి స్టాప్ చాలా లోతుకు వెళుతుంది. రెండో నంబరు 85 కాబట్టి చివర్లో కొంచెం ధారాళంగా వదిలేస్తుంది. 55/80 ఆ రెండూ చేయదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. రెండు సెట్టింగులు పోల్చేటప్పుడు మొత్తం రన్‌టైమ్ (దిగిన దగ్గర్నుంచి పైకి వచ్చేదాకా పట్టే సమయం) సమానంగా ఉండాలి. 20/85 ఎక్కువ నిమిషాలు చూపిస్తే అది "ఎక్కువ జాగ్రత్త" అనిపిస్తుంది. ఆ అదనపు నిమిషాలు లోతులో ఉన్నాయా, 6 మీటర్ల దగ్గర ఉన్నాయా చూడాలి. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో 55ని అలాగే ఉంచి రెండో నంబరు తగ్గిస్తూ రన్‌టైమ్ 20/85తో సమానం చేయండి. అప్పుడు రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ సీనియర్ ఏమంటున్నారో కంటికి కనిపిస్తుంది.

నేవీ ప్రయోగానికి నాయకత్వం వహించిన డేవిడ్ డూలెట్ తర్వాత రాసినదాంట్లో, మొదటి నంబరు రెండోదానిలో సుమారు 83 శాతం దాకా ఉండొచ్చని వాదించారు. అంత దూరం వెళ్లనివాళ్లు 50 దగ్గర ఆగుతున్నారు. 50కీ 55కీ మధ్య గొడవపడటానికి సరిపడా ఆధారం ఎవరి దగ్గరా లేదు. 20కీ 50కీ మధ్య ఉంది.

ఊపిరి:
నేను రీబ్రీదర్ (వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ అందించే పరికరం) వాడే డైవర్‌ని. అందరూ గ్రేడియెంట్ ఫ్యాక్టర్ల గురించే మాట్లాడుతున్నారు. నాకైతే కొత్తలోతు గారి రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం అనిపిస్తోంది. సెట్టింగ్ కాస్త అటూ ఇటూ అయితే చాలాసార్లు ఛాంబర్‌తో బయటపడొచ్చు. లోతులో గ్యాస్ చిక్కబడి ఊపిరి ఆడకపోతే ఛాంబర్ దాకా రాలేం.

2016లో గావిన్ ఆంథొనీ, సైమన్ మిచెల్ నీళ్లలో వ్యాయామం చేయించిన పరీక్షల ఫలితాల నుంచి గ్యాస్ సాంద్రతకు హద్దులు సూచించారు. లీటరుకు 5.2 గ్రాముల లోపు ఉంచుకోవడం మంచిది, 6.2 గ్రాములు దాటకూడదు. మామూలు గాలి 5.2ను సుమారు 31 మీటర్ల దగ్గర, 6.2ను సుమారు 39 మీటర్ల దగ్గర అందుకుంటుంది. 50 మీటర్లలో గాలి సాంద్రత లీటరుకు 7.7 గ్రాములకు పైనే.

అంత చిక్కటి గ్యాస్‌ను లోపలికి, బయటికి తోయలేక శరీరం తగినంత శ్వాస తీయడం మానేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలే నిలిచిపోతుంది. దానివల్ల మత్తు పెరుగుతుంది, ఆక్సిజన్ విషప్రభావంతో మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది, భయం పుడుతుంది. భయంతో ఊపిరి వేగం పెరిగితే ఇంకా అధ్వానం. 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బోస్మన్స్‌గాట్ అనే నీటి గుహలో 270 మీటర్ల లోతున డేవిడ్ షా అనే డైవర్ చనిపోయాడు. హెల్మెట్ కెమెరా రికార్డింగ్ దొరకడంతో ఆ చివరి నిమిషాలను నిపుణులు పరిశీలించగలిగారు. ఆ లోతులో శ్రమపడుతూ శ్వాస సరిపోక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయిందని తేల్చారు. అది మనం ఎవరం వెళ్లే లోతు కాదు. కానీ ఊపిరితిత్తులు ఓడిపోయే తీరు ఒకటే.

మీ 60 మీటర్ల డైవ్‌కే లెక్క కట్టండి. 18/45 ట్రైమిక్స్ (18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం) అయితే లీటరుకు సుమారు 5.6 గ్రాములు. 18/50 అయితే 5.2కి వచ్చేస్తుంది. రెండింట్లోనూ ఆక్సిజన్ పీడనం 1.26 బారే. నేనైతే 18/50 తీసుకుంటాను. ఈ విషయంలో మీ సీనియర్ మాటే సరి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

అలలపైన:
మా ట్రైనర్ 55 మీటర్ల దాకా గాలితోనే వెళ్తారు. ఎన్నో ఏళ్లుగా. ఏమీ కాలేదు. మరి ఈ 6.2 లెక్క ఆయనకు ఎందుకు వర్తించలేదు?

డెకో_డాక్టరు:
అలలపైన గారూ, వర్తిస్తుంది. "ఏమీ కాలేదు" అన్న మాటకు ఎంత బలం ఉందో కొలవడానికి గణాంకాల్లో ఒక తేలికైన పద్ధతి ఉంది. ఒక పని 300 సార్లు చేసి ఒక్కసారి కూడా ప్రమాదం జరగలేదనుకుందాం. అప్పుడు కూడా అసలు ప్రమాదం నూటికి 1 దాకా ఉండే అవకాశాన్ని మనం కొట్టిపారేయలేం. 3ని 300తో భాగించడమే ఆ లెక్క. నూటికి ఒకసారి ప్రాణం పోయే పనిని ఎవరూ జాగ్రత్త అనరు.

ఇంకోటి. గాలితో లోతుకు వెళ్లి అంతా బాగున్నన్నాళ్లూ సాంద్రత కనిపించదు. ప్రవాహానికి ఎదురీదాల్సి వచ్చినప్పుడు, సహచరుణ్ణి లాక్కురావాల్సి వచ్చినప్పుడు అది బయటపడుతుంది. ఆ పరీక్షల్లో కూడా వాళ్లను ఊరికే కూర్చోబెట్టలేదు, పని చేయించారు.

నిదానం:
నేను గుహల డైవింగ్ నుంచి వచ్చాను. కొత్తలోతు గారు అడిగింది "ఎలా తేల్చుకుంటారు" అని కాబట్టి నా పద్ధతి చెబుతాను. ఒక సలహా వినగానే అది ఎక్కడ పుట్టిందో వెతుకుతాను. కొన్ని ప్రయోగాల్లో పుడతాయి, నేవీ లెక్కలాగా. కొన్ని మరణాల్లో పుడతాయి. గుహల్లో జరిగిన ప్రమాదాలను షెక్ ఎక్స్‌లీ అనే గుహల డైవర్ 1970లలో ఒక్కొక్కటిగా విడదీసి చూశాడు. బయటిదాకా తెగని దారం వేయకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండొంతుల గ్యాస్ మిగుల్చుకోకపోవడం, గాలితో మరీ లోతుకు వెళ్లడం మళ్లీ మళ్లీ కనిపించాయి. ఈ రోజు కూడా గుహల శిక్షణకు అవే పునాది. ఆ నియమాలతో నేను వాదించను. ఎక్స్‌లీ అంతటివాడు కూడా 1994లో మెక్సికోలోని సకటోన్‌లో విపరీతమైన లోతులో ప్రాణం పోగొట్టుకున్నాడు. అయినా ఆ విశ్లేషణ బలం తగ్గలేదు, ఎందుకంటే అది ఆయన పేరు మీద కాదు, ఆ ప్రమాదాల మీద నిలబడింది.

మూడో రకం ఒకరికి అలవాటైపోవడంతో పుట్టిన సలహాలు. వాటిలో మంచివి కూడా ఉంటాయి. కాకపోతే వాటిని మార్చడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు.

1.4, 1.6 సంగతి చెప్పాలంటే, వాళ్లిద్దరూ అసలు గొడవపడటం లేదేమో అనిపిస్తోంది. అడుగున పని చేసేటప్పుడు 1.4 లోపు, స్టాప్‌లో కదలకుండా ఉన్నప్పుడు 1.6 దాకా. చాలా సంస్థలు అలాగే నేర్పుతాయి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పట్టికలో కూడా 1.4కి ఒక డైవ్‌లో 150 నిమిషాలు, 1.6కి 45 నిమిషాలే ఉంది. "ఏ దశలో?" అని ఇద్దరినీ అడిగి చూడండి.

ఊపిరి:
నిదానం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రెండు పద్ధతులూ విడివిడిగా సురక్షితమే అయి, కలిపితే ప్రాణం తీసేవి ఉంటాయి.

పక్కన తగిలించుకునే స్టేజ్ సిలిండర్లు చూడండి. కొందరు అన్నీ ఎడమవైపే పెట్టుకుంటారు. ఇంకొందరు ఆక్సిజన్ ఎక్కువున్నది కుడివైపు, తక్కువున్నది ఎడమవైపు పెడతారు. రెండు పద్ధతులూ దశాబ్దాలుగా నడుస్తున్నాయి. కుడివైపు ఉన్నది ఆక్సిజనే అని నేర్చుకున్న డైవర్ అన్నీ ఎడమవైపు పెట్టుకునే టీమ్‌లోకి వచ్చి, ఒక చెడ్డ రోజున పాత అలవాటుతో చెయ్యి చాపితే? 40 మీటర్లలో నోట్లోకి స్వచ్ఛమైన ఆక్సిజన్ వస్తే పీడనం 5 బార్. తప్పు గ్యాస్‌కి మారి డైవర్లు చనిపోయారు, అది ఊహ కాదు. అందుకే ఏ పద్ధతి అయినా సరే, సిలిండర్ మీద గరిష్ఠ లోతు పెద్ద అక్షరాల్లో ఉండాలి, హోస్‌ని రెగ్యులేటర్ దాకా వేలితో అనుసరించాలి, సహచరుడు చూసి సరేనన్నాకే పీల్చాలి.

కంప్యూటర్ సెట్టింగ్ కూడా అంతే. కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ 20/85 అంటే, ఆయనకు చెప్పకుండా మీ చేతికి 55/80 పెట్టుకోకండి. పైకి వచ్చేటప్పుడు ఇద్దరి స్టాప్‌లు వేరు వేరు లోతుల్లో వస్తాయి. ఆయన ఒకచోట ఆగుతారు, మీరు ఇంకోచోట. టీమ్ చీలిపోతుంది. నా దృష్టిలో 20/85 కంటే అది పెద్ద ప్రమాదం. ఒడ్డునే అడగండి. జవాబు నచ్చకపోతే ఆ డైవ్ చేయకండి, లేదా ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌ని చూసుకోండి. నీళ్లలోకి దిగాక మాత్రం ఒకే ప్లాన్.

పాతతాడు:
ఈ మాట వెయ్యిసార్లు చెప్పాలి.

నా సంగతి, గ్రేడియెంట్ ఫ్యాక్టర్ మొదటి నంబరు 50 దాకా నాకు అభ్యంతరం లేదు, అందరం కలిసి వెళ్లేటప్పుడు అదే పెడతాను. కానీ కొత్తవాళ్లు "డీప్ స్టాప్‌లు చెడ్డవి" అన్న ఒక్క ముక్క పట్టుకుని అడుగు నుంచి తారాజువ్వలా పైకి దూసుకొస్తున్నారు. డీప్ స్టాప్ మానమన్నారు గానీ నిమిషానికి 9 మీటర్ల వేగాన్ని మానమని ఎవరూ అనలేదు.

డాక్టరు గారూ, ఇంకో ప్రశ్న. గుండెలో రంధ్రం ఉందో లేదో అందరూ ముందే పరీక్ష చేయించుకోవాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

డెకో_డాక్టరు:
పీఎఫ్ఓ, అంటే గుండె పై గదుల మధ్య మూసుకోకుండా మిగిలిపోయే రంధ్రం గురించి అడుగుతున్నారు. ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి ఉంటుంది. వాళ్లలో ఎక్కువమందికి ఎప్పటికీ ఏ ఇబ్బందీ రాదు. అందుకే దక్షిణ పసిఫిక్ నీటి అడుగు వైద్య సంఘం, బ్రిటన్ డైవింగ్ వైద్య కమిటీ 2015లో కలిసి ఇచ్చిన ప్రకటనలో అందరికీ పరీక్ష అవసరం లేదన్నారు. మెదడు, వెన్నుపాము, లోపలి చెవి, చర్మం మీద బెండ్స్ వచ్చినవాళ్లు, మైగ్రేన్‌కు ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించేవాళ్లు లాంటివారి విషయంలో పరీక్ష ఆలోచించాలి. మీలో ఎవరికైనా డైవ్ తర్వాత చర్మం మీద మచ్చలు వచ్చి పోతుంటే, దాన్ని "మామూలే" అనుకోవద్దని బతిమాలుతున్నాను. డైవింగ్ తెలిసిన వైద్యుణ్ణి కలవండి.

కొత్తలోతు:
అందరికీ ధన్యవాదాలు. ఇన్‌స్ట్రక్టర్ గారితో కూర్చుని మాట్లాడాను. సంఖ్యలు గారు చెప్పినట్టు రన్‌టైమ్ సమానం చేసి రెండు వరసలూ ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. కోర్సు డైవ్‌లకు 50/80 పెట్టడానికి ఒప్పుకున్నారు. గ్యాస్ 18/50, 21 మీటర్ల నుంచి 50 శాతం నైట్రాక్స్, 6 మీటర్లలో ఆక్సిజన్. 1.4, 1.6 విషయంలో నిదానం గారు ఊహించిందే నిజం, ఆయన స్టాప్‌ల గురించి, ఆవిడ అడుగున పని గురించి మాట్లాడుతున్నారట. 50 మీటర్లకు గాలి చాలన్న మాట మీద మాత్రం ఆయన ఇంకా నిలబడ్డారు. నేను గాలితో ఆ లోతుకు దిగనని చెప్పాను, ఆయన ఒత్తిడి చేయలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పైకి వచ్చేటప్పుడు ఒక డెకో గ్యాస్ (స్టాప్‌ల కోసం తెచ్చుకున్న నైట్రాక్స్ లేదా ఆక్సిజన్) పోతే, అప్పుడు గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు మార్చుకోవచ్చా? రెండో నంబరు 95 చేసుకుని తొందరగా పైకి రమ్మని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఒకరు అన్నారు.

సంఖ్యలు:
మంచి పని చేశారు.

ముందు ముట్టుకోకుండా ప్లాన్ చేయండి. ఆక్సిజన్ పోతే 6 మీటర్ల స్టాప్‌ను 50 శాతం నైట్రాక్స్ మీద పూర్తిచేసే వరస ఒకటి. నైట్రాక్స్ పోతే వీపు మీది ట్రైమిక్స్‌తో 6 మీటర్ల దాకా వచ్చి ఆక్సిజన్‌కి మారే వరస ఒకటి. రెండూ 50/80తోనే లెక్కించి నీళ్లలో వాడే నోట్స్‌లో రాసుకోండి. ఆ రెండింటికీ వీపు మీది గ్యాస్, సహచరుడి గ్యాస్ కలిపి సరిపోతాయో లేదో ఒడ్డున లెక్క చూడండి. సరిపోకపోతే అడుగున ఉండే నిమిషాలు తగ్గించండి.

రెండో నంబరు పెంచడం ఒక్క పరిస్థితిలోనే. పీల్చడానికి గ్యాస్ అయిపోతున్నప్పుడు. బెండ్స్‌కి వైద్యం ఉంది, మునిగిపోతే లేదు. ఆ అత్యవసర వరస కూడా ముందే లెక్కించి నోట్స్‌లో వేరే పేజీలో పెట్టుకోండి. అది వాడాల్సి వస్తే టీమ్ మొత్తం కలిసి పైకి వస్తుందా, గ్యాస్ ఉన్నవాళ్లు ఆగి స్టాప్‌లు పూర్తిచేస్తారా అన్నది మీ సీనియర్‌తో డైవ్‌కు ముందే తేల్చుకోండి. పైన పడవలో ఆక్సిజన్ ఉందో, దగ్గర్లో పనిచేసే ఛాంబర్ ఏదో ఆ రోజు ఉదయమే ఫోన్ చేసి కనుక్కోండి.